“చదివితే ఎంతిస్తావ్?” అని అడిగే పిల్లాడితో ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. మూడో తరగతి దాకా బొమ్మల కథల పుస్తకం దొరికితే వదిలేవాడు కాదు. ఎప్పుడు చూసినా స్కెచ్ పెన్నులు పట్టుకుని బొమ్మలు వేస్తుండేవాడు. నాలుగో తరగతిలో దస్తూరి బాగుపడుతుందని పేజీకి 5 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టాను. తర్వాత వేసిన బొమ్మకీ, చదివిన కథకీ కూడా ఇచ్చాం. ఇప్పుడు హోంవర్కుకి రోజుకు 20, యూనిట్ టెస్టులో మంచి మార్కులొస్తే 200. పుస్తకం తెరవమంటే “ఎంతిస్తావ్?” అంటాడు. లెక్కల్లో బాగా వెనకబడ్డాడు, భిన్నాలంటే ఏడుపే. క్రికెట్ తప్ప దేని మీదా ధ్యాస లేదు. స్కెచ్ పెన్నులు అటకెక్కాయి. అర్ధసంవత్సర పరీక్షలు ఆరు వారాల్లో ఉన్నాయి. క్లాసులో ఫస్టొస్తే ఫోన్ కొనిస్తానని వాళ్ల నాన్న మాటిచ్చారు. “డబ్బులు కాదు, నాలుగు తగిలించాలి” అంటారు మా అత్తయ్య. ఒక్కసారిగా ఆపేయనా? ఆపితే అసలు చదవడేమోనని భయం. — ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: డబ్బు ఆపకండి. డబ్బుకీ చదువుకీ మీరు వేసిన ముడి తెంపండి. ఈ రెండూ ఒకటి కావు. మీ సమస్యలో సగం ఇక్కడే తేలుతుంది. మిగతా సగం భిన్నాల్లో ఉంది. దాని గురించి తర్వాత.

ముందు జరిగిందేమిటో చూద్దాం. టెట్‌కి చదివేవాళ్లు అంతర్గత ప్రేరణ, బాహ్య ప్రేరణ అని బట్టీ పడతారు కదా. పని నచ్చి చేయడం మొదటిది, పని వల్ల వచ్చేదాని కోసం చేయడం రెండోది. మీ బాబుకి బొమ్మల విషయంలో మొదటిది నిండుగా ఉండేది. దాని మీద మీరు రెండోది తెచ్చి పోశారు. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ లెప్పర్ బృందం సరిగ్గా ఈ పనే చేసి చూసింది. స్కెచ్ పెన్నులతో ఇష్టంగా బొమ్మలు వేసే నర్సరీ పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకి ముందు ఏమీ చెప్పకుండా, వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత తరగతిలో పెన్నులు మామూలుగా పెట్టి, ఎవరెంత సేపు వేస్తారో గమనించారు. ముందే మాట పుచ్చుకున్న పిల్లలు మిగతావాళ్లలో సగం సేపు మాత్రమే వేశారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. అంటే చెడు చేసింది బహుమతి కాదు, “ఇది చేస్తే అది ఇస్తా” అన్న ముందస్తు బేరం.

ఎందుకిలా? పిల్లలు కూడా మనలాగే తాము చేసే పనికి కారణం వెతుక్కుంటారు. కారణం చేతిలో నోటు రూపంలో కనిపిస్తుంటే లోపలున్న కారణాన్ని తడుముకోవాల్సిన పని లేదు. పైగా కూలి ఇచ్చే పనిలో తెలివైనవాడు శ్రమ తగ్గించుకుంటాడు, అందులో తప్పేం లేదు. పేజీకింత అంటే అక్షరాలు లావెక్కుతాయి. జవాబుకింత అంటే గైడులోంచి దిగుతాయి. హోంవర్కుకింత అంటే ‘అయిపోయింది’ అనిపించుకోవడమే హోంవర్కు అవుతుంది. మీ బాబు మొండివాడూ కాదు, ఆశపోతూ కాదు. మీరు నేర్పిన లెక్క ఒక్కటి మాత్రం బాగా వంటబట్టింది.

అయితే బహుమతులన్నీ విషమేనా? ఈ మాట మీద పరిశోధకుల్లోనే పెద్ద తగవు నడిచింది. బహుమతుల వల్ల పెద్దగా నష్టం లేదని 1994లో కామెరన్, పియర్స్ తేల్చారు. 1999లో డెసి, కోస్ట్నర్, ర్యాన్ 128 ప్రయోగాలను కలిపి చూసి, ముందే చెప్పి ఇచ్చే వస్తువులు, డబ్బు ఇష్టాన్ని తగ్గిస్తాయనీ, మంచి మాట మాత్రం పెంచుతుందనీ చెప్పారు. మన ఇళ్లకు పనికొచ్చే విషయం ఈ తగవు మధ్యలో ఉంది. ముందే ఇష్టం ఉన్నచోట బేరం పెడితే నష్టం. ఇష్టమే లేనిచోట పోయేదేమీ లేదు. బొమ్మలకీ కథలకీ డబ్బివ్వడం మీరు చేసిన అసలు పొరపాటు. దస్తూరికి ఇచ్చిన 5 రూపాయలు అంత పాపమేం కాదు.

ఇక చేయాల్సింది. రేపు స్కూలుందనగా రాత్రి కాదు, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇద్దరూ కూర్చుని మాట్లాడండి. ముందు పాత బాకీ మొత్తం తీర్చేయండి, పది రూపాయలున్నా సరే. తర్వాత ఇంచుమించు ఈ మాటలు చెప్పండి: “హోంవర్కుకి డబ్బులివ్వడం మేం మొదలుపెట్టాం, నువ్వు అడగలేదు. అది సరైన పని కాదని ఇప్పుడు తెలిసింది. నీ ఖర్చుకి ప్రతి ఆదివారం డబ్బులిస్తాం. చదివినా ఇస్తాం, చదవకపోయినా ఇస్తాం. చదువుకి వేరే ఏమీ ఇవ్వం.” తప్పు మీ మీద వేసుకోవడం ముఖ్యం. వాడి మీద వేస్తే అది శిక్ష అవుతుంది.

ఎంత ఇవ్వాలి? వారానికి ఆరు రోజులు, రోజుకు 20 చొప్పున ఇప్పుడు 120 అందుతోంది. అదే 120 ఇవ్వండి. రూపాయి తగ్గించొద్దు. తగ్గిస్తే గొడవ డబ్బు మీదికి పోతుంది, మీరు చెప్పదలచుకున్నది వాడి చెవికెక్కదు. ఒకసారి మొదలుపెట్టాక అల్లరి చేశాడనో, మార్కులు తగ్గాయనో కోత పెట్టొద్దు. కోత పెట్టిన రోజు పాత ముడి మళ్లీ పడుతుంది.

మొదటి రెండు వారాలు పరిస్థితి ఇప్పటికంటే అధ్వానంగా ఉంటుంది, ముందే తెలుసుకోండి. హోంవర్కు ఎగ్గొడతాడు. “డబ్బులెలాగూ ఇస్తావుగా, ఎందుకు రాయాలి?” అని మొహం మీదే అంటాడు. రేటు పెంచి కూడా అడగొచ్చు. ఎప్పుడూ పనిచేసిన మంత్రం పనిచేయకపోతే ఎవరైనా ముందు గొంతు పెంచి చదువుతారు. పదో రోజు మీరు విసిగిపోయి ఒక్క 20 నోటు చేతిలో పెడితే, పది రోజులు పట్టుబడితే దొరుకుతుందని నేర్పినట్టు. అందుకే మాట్లాడిన మర్నాడే క్లాస్ టీచర్‌ని కలిసి, “రెండు వారాలు హోంవర్కు సరిగా రాకపోవచ్చు, ఇంట్లో ఈ మార్పు చేస్తున్నాం” అని చెప్పండి. స్కూల్లో ఒక మాట పడితే పడనివ్వండి. రాత్రి పదింటికి మీరు కూర్చుని ఆ హోంవర్కు రాసిపెట్టొద్దు.

ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టాలి కదా. నచ్చని పనిని మనుషులు తమదిగా చేసుకోవడానికి ఏం కావాలో 1994లో డెసి బృందం కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించింది. మూడు దొరికాయి: పని ఎందుకో చెప్పడం, అది విసుగ్గా ఉందని ఒప్పుకోవడం, ఒత్తిడి చేయకుండా ఎంచుకోనివ్వడం. మన ఇళ్లలో మొదటిది ఉపన్యాసమైపోతుంది, రెండోది అసలుండదు. “సోషల్‌లో ఈ పాఠం బోరే. తేదీలు గుర్తుండవు, నిజమే” అని ఒక్కసారి అని చూడండి. వాడు ఆశ్చర్యపోతాడు. ఎంచుకోవడం అంటే చదవాలా వద్దా అని కాదు. ముందు లెక్కలా, తెలుగా? టేబుల్ మీదా, డాబా మీదా? స్నానానికి ముందా, తర్వాతా? పుస్తకంలో పది లెక్కలుంటే ఏ ఆరు ముందు చేస్తాడో వాడినే గుర్తు పెట్టమనండి. రెండు మూడు దారులు చాలు, ఏడెనిమిది పెడితే అదో తలనొప్పి.

ఇప్పుడు భిన్నాలు. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇదే. మీరు మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. చేతకాని పని మీద ఎవరికీ ఇష్టం పుట్టదు. ‘ఎంతిస్తావ్?’ అన్న ప్రశ్నలో కొంత ‘నాకు రాదు’ అన్నమాట దాక్కుని ఉంటుంది. రానిదాన్ని ఒప్పుకోవడం కంటే బేరమాడటం పరువుగా ఉంటుంది మరి.

నాలుగు, ఐదు, ఆరు తరగతుల లెక్కల పుస్తకాల్లోంచి భిన్నాల మీద తలా నాలుగు లెక్కలు, మొత్తం 12 తీసి ఒక కాగితం మీద రాయండి. టైము పెట్టొద్దు, మార్కులు వేయొద్దు. ఏ తరగతి దగ్గర ఆగిపోయాడో తెలిస్తే చాలు. ఏడో తరగతి పిల్లలు చాలామంది ఐదో తరగతి దగ్గరే ఆగి ఉంటారు. 1/2 + 1/3 ఇచ్చి చూడండి. 2/5 అని రాస్తే పైవి పైకి, కిందివి కిందికి కలిపేశాడన్నమాట. తప్పని కొట్టేయకండి, గడియారం చూపించండి. గంటలో సగం 30 నిమిషాలు, మూడో వంతు 20 నిమిషాలు. కలిపితే 50 నిమిషాలు, అంటే 5/6. మరి 2/5 అంటే 24 నిమిషాలు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని వాడే అడుగుతాడు. ఆ ప్రశ్న వాడి నోట రావడమే మీకు కావాల్సింది. తెలుగులో మనకో సౌకర్యం ఉంది: అర, పావు, ముప్పావు. అర కిలో, పావు కిలో కలిపితే ముప్పావు కిలో అని ఏ పిల్లాడైనా టక్కున చెబుతాడు. 1/2 + 1/4 అని రాసిస్తే అదే పిల్లాడు తడబడతాడు. నోటికొచ్చిన లెక్కని కాగితం మీదికి దించితే సగం భయం పోతుంది.

ఎంత చేయించాలి? తీసివేతల్లో వెనకబడిన పిల్లల మీద 1981లో బండూరా, షంక్ ఒక ప్రయోగం చేశారు. అందరికీ 42 పేజీల అభ్యాసం, ఏడు రోజుల పని. కొందరికి రోజుకు 6 పేజీలని చెప్పారు, కొందరికి ఏడో రోజుకల్లా 42 అని చెప్పారు. పని అదే. అయినా రోజుకు 6 అనుకున్నవాళ్లు లెక్కలు బాగా నేర్చుకున్నారు. అంతకంటే విశేషం, తర్వాత ఎవరూ అడక్కుండా తీసివేతల్ని ఎంచుకుని చేశారు. ఇష్టం ముందు, చేతనవడం తర్వాత అనుకుంటాం. చాలాసార్లు అది తలకిందులుగా నడుస్తుంది. కాబట్టి రోజుకు 20 నిమిషాలు, 6 లెక్కలు. అందులో 4 వాడికి వచ్చేవి, 2 కొంచెం కష్టమైనవి ఉండాలి. ఆరూ తేలిగ్గా చేసేస్తే మర్నాడు కష్టమైనవి 3 చేయండి. నాలుగు తప్పు పోతే ఒక తరగతి వెనక్కి వెళ్లండి. లెక్కలు మీకు రాకపోతే ట్యూషన్ మాస్టారికి ఈ కాగితం ఇచ్చి, సిలబస్ పక్కన పెట్టి ఐదో తరగతి నుంచి చెప్పమని గట్టిగా అడగండి. అడగకపోతే ఆయన రేపటి స్లిప్ టెస్టే చదివిస్తారు.

క్రికెట్ పిచ్చి ఉందన్నారు, దాన్ని ఒకే ఒక్కసారి వాడుకోవచ్చు. 17.3 ఓవర్లలో 140 కొట్టిన జట్టు రన్ రేటెంతో కట్టమనండి. 140ని 17.3తో భాగిస్తే తప్పు. 17.3 అంటే 17 ఓవర్ల 3 బంతులు, అంటే పదిహేడున్నర. 140ని 17.5తో భాగిస్తే సరిగ్గా 8. టీవీలో కనిపించే చుక్క దశాంశం చుక్క కాదని తెలిసినప్పుడు వాడి కళ్లు చూడండి. తర్వాత వదిలేయండి. ప్రతి మ్యాచ్‌కీ లెక్క అడిగితే క్రికెట్ కూడా హోంవర్కు అవుతుంది, ఉన్న ఒక్క ఇష్టమూ పోతుంది.

పొగడ్త సంగతి. “నువ్వు తెలివైనవాడివిరా” అన్నది తీయటి మాటే కానీ మంచిది కాదు. తెలివిని పొగిడిన పిల్లలు తర్వాత కష్టమైన లెక్కలు తప్పించుకుంటారనీ, మార్కులు ఎక్కువ చేసి చెప్పుకుంటారనీ 1998లో ముల్లర్, డ్వెక్ చూపించారు. ఏం చేశాడో దాన్ని చెప్పండి: “ముందు హారాలు ఒకటి చేసి తర్వాత కలిపావు, అందుకే వచ్చింది.” అది నిజమై ఉండాలి, క్లుప్తంగా ఉండాలి. “చూశావా, డబ్బులివ్వకపోయినా చదివావ్!” అని మాత్రం పొరపాటున కూడా అనొద్దు. మరిచిపోతున్న బేరాన్ని మీరే గుర్తు చేసినట్టవుతుంది.

ఫోన్ సంగతి వాళ్ల నాన్నగారే తేల్చాలి, మీరు కాదు. ఫోన్ మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి. ఆ బేరంలో లోపం వేరే ఉంది. ఫస్ట్ ర్యాంకు వాడి చేతిలో లేదు, పక్క పిల్లాడి పేపరు కూడా దాన్ని నిర్ణయిస్తుంది. ఐదో తరగతి భిన్నాల దగ్గర ఆగినవాడు ఆరు వారాల్లో ఫస్టు రాడని వాడికే తెలుసు. అందుకే ప్రయత్నమే చేయడు. అమెరికాలో రోలండ్ ఫ్రయర్ కొన్ని నగరాల స్కూళ్లలో పిల్లలకు నిజంగానే డాలర్లిచ్చి చూశారు, 2011లో ఫలితాలు ప్రచురించారు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు డబ్బిస్తే చదువు మెరుగుపడలేదు. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు చదివిన పుస్తకానికి 2 డాలర్లిస్తే చదివి అర్థం చేసుకోవడం మెరుగైంది. ఇష్టం తగ్గిన ఆనవాళ్లు కూడా ఆయనకు కనిపించలేదు, ఇది చెప్పకపోతే అన్యాయం. తేడా ఏమిటంటే, పుస్తకం చదవడం పిల్లాడి చేతిలో ఉన్న పని. మార్కులు పెంచాలంటే ఏం చేయాలో వాళ్లకు తెలియదు. కాబట్టి నాన్నగారు ఈ వారమే, తనంతట తాను, “ర్యాంకుకి ఫోన్ అని తొందరపడి అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను” అని చెప్పాలి. ఫోన్ అవసరమా, ఎప్పుడు, రోజుకెంత సేపు, రాత్రి ఎక్కడ పెట్టాలి అన్నవి పరీక్షలతో సంబంధం లేకుండా వేరే రోజు మాట్లాడుకోవాలి. పరీక్షల తర్వాత మాట తప్పితే నమ్మకం పోతుంది, ముందే వెనక్కి తీసుకుంటే అలుగుతాడు. అలకే నయం.

మీ అత్తయ్యగారికి చెప్పండి: దెబ్బ కూడా 20 నోటు లాంటిదే, దిశ మారిందంతే. రెండూ బయటినుంచి తోసేవే. తోసేవాళ్లు పక్కన లేని రోజు బండి ఆగిపోతుంది. “పెద్దమ్మ కొడుకుని చూడు” అన్నది కూడా ఆ జాతిదే, కాకపోతే దాని గాయం బయటికి కనిపించదు.

స్కూలుని మీరు మార్చలేరు. గోడ మీద ర్యాంకుల జాబితా ఉంటుంది, మార్కుల్ని బట్టి సెక్షన్లు ఉంటాయి. కానీ పేపరు ఇంటికొచ్చాక దాన్నెలా చూడాలో మీ చేతిలో ఉంది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో కొందరు పిల్లల పేపర్ల మీద మార్కులు మాత్రమే, కొందరికి సలహా మాత్రమే, కొందరికి రెండూ రాయించారు. సలహా ఒక్కటే అందుకున్నవాళ్లలో ఆసక్తి నిలిచింది. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే తయారయ్యారు. మార్కు కనిపించగానే పక్కన రాసింది ఎవరూ చదవరన్నమాట. మీరు పేపరు పైమూల మడిచేసి, తప్పుల్ని మూడు రకాలుగా విడదీయించండి: తెలియక పోయినవి, తొందరలో పోయినవి, ప్రశ్నే అర్థం కాక పోయినవి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు మూడో రకం మనం అనుకున్న దానికంటే ఎక్కువ. ప్రశ్నని తెలుగులో చెప్పమంటే బయటపడుతుంది. మార్కులు చివర్లో చూసుకోవచ్చు, అవెక్కడికీ పోవు.

ఎక్కాల్లాంటి బట్టీ పనికి ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. ఏం చేయాలో స్పష్టంగా చెప్పండి, చిన్నది ఇవ్వండి, రెండు వారాల్లో ముగించండి. 13 నుంచి 16 దాకా ఎక్కాలు అప్పజెబితే ఆదివారం అందరూ కలిసి బయట టిఫిన్, అంతే. ఒక్కోసారి ఏ బేరమూ లేకుండా, బాగా కష్టపడిన రోజు వాడికిష్టమైనది చేసిపెట్టినా నష్టం లేదు.

అన్ని సబ్జెక్టుల మీదా ప్రేమ పుట్టాలని ఎదురు చూడకండి. పన్నెండేళ్ల పిల్లాడు “ఇది నచ్చదు కానీ ఎందుకో తెలుసు, చేస్తాను” అనగలిగితే అది చాలా పెద్ద మెట్టు. పెద్దవాళ్లం మన ఉద్యోగాలు చేసేది ఎక్కువగా ఆ మెట్టు మీద నిలబడే. ఆరు వారాలయ్యాక మార్కులతో కొలవకండి. వారంలో ఎన్నిసార్లు “ఎంతిస్తావ్?” అన్నాడు, ఎన్నిసార్లు చెప్పకుండా కూర్చున్నాడు, ఈ రెండూ క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుని చూడండి. గీతలు వాడికి కనపడనివ్వొద్దు, అదో మార్కుల జాబితా అవుతుంది. మధ్యలో క్రికెట్ మీద కూడా ఆసక్తి పోయినా, నిద్ర చెడినా, బోర్డు మీద రాసింది తప్పుగా ఎక్కించుకుంటున్నా ఈ పద్ధతులు పక్కన పెట్టి కళ్ల డాక్టరుకీ, పిల్లల డాక్టరుకీ చూపించండి.

అటక మీది స్కెచ్ పెన్నులు ఈరోజే దించండి. ఎండిపోయినవి తీసేసి, కొత్తవి నాలుగు కలిపి, తెల్ల కాగితాలతో సహా టీవీ పక్కన పెట్టండి. వేయమని చెప్పొద్దు. వేసి చూపిస్తే బాగుందని సర్టిఫికెట్ ఇవ్వకుండా, “ఈ బౌలర్ చెయ్యి ఇలా ఎందుకు వంగింది?” అని అడగండి.